రెండు ముళ్లూ కలిసేదాకా

నరసింగరావు ఏ మాటనూ మొదటిసారి నమ్మడు. టైమెంతయిందని అడుగుతాడు. పదిన్నర అని చెబితే తల ఊపుతాడు. రెండు నిమిషాలాగి మళ్లీ ఆ మనిషినే టైమెంతయిందని అడుగుతాడు. పదీ ముప్పైరెండు అంటే, ఇందాక పదిన్నర అన్నావు కదా అని అనుమానంగా చూస్తాడు. మూడోసారి కూడా అడిగి, అప్పుడు తన వాచీ తీసి చూసుకుంటాడు.

ఈ అలవాటు ఆయనకు సముద్రం మీద పట్టుకుంది. భిలాయి రాకముందు పదేళ్లు విశాఖపట్నంలో చేపలవేట మరబోట్ల మీద చేపల్ని చల్లగా ఉంచే మెషిన్ల మెకానిక్కుగా పనిచేశాడు. ఒకసారి నాలుగు రోజుల వేటలో, మెషిన్‌లో గ్యాసు ఒత్తిడి చూపించే గేజి ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని చూసి, హాయిగా నిద్రపోయాడట. తీరా ఒడ్డుకొచ్చి మూత తీస్తే బోటెడు చేపలూ కుళ్లిపోయి ఉన్నాయి. ముల్లు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. వేలితో ఒక్కసారి తట్టి ఉంటే తెలిసిపోయేది, తట్టలేదు. ఆ రోజునుంచి ప్రతి గేజినీ మూడుసార్లు తడతాడు. ప్రతి మనిషినీ మూడుసార్లు అడుగుతాడు.

పెళ్లిచూపుల్లో పిల్లని పేరేమిటని మూడుసార్లు అడిగాడని భిలాయి సెక్టర్ 6లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటిసారి నూకమ్మ నేల చూస్తూ చెప్పింది. రెండోసారి తల్లి వైపు చూసి చెప్పింది. మూడోసారి తలెత్తి, మీ చెవులకి ఏటైందని అడిగింది. ఈ పిల్లే కావాలన్నాడాయన. మొదటి రెండూ పక్కవాళ్లు చెప్పించిన రీడింగులట, మూడోదే అసలుదట.

ఇంకోసారి డాక్టరు ఆయనకి బీపీ చూశాడు. మళ్లీ చూడమన్నాడు నరసింగరావు. రెండో చేతికి చూడమన్నాడు. మూడోసారి మెషిన్ మీదే అనుమానం వచ్చి, ముందు మీకు చూసుకోండి సార్ అన్నాడు. నరసింగరావుకి ఏమీ లేదు. డాక్టరుకే బీపీ ఉందని తేలింది. ఆ డాక్టరు ఇప్పటికీ మందులు మింగుతున్నాడు.

అలాంటి నరసింగరావు భిలాయి వచ్చి వైశాలి నగర్‌లో ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. షాపు వెనక షెడ్డులో ఒక పడవ ఉండేది. అసలు పడవ కాదు. ఆయన పనిచేసిన బోటు పాతబడి దాన్ని విరగ్గొడుతుంటే, చేపల గదిని చల్లబరిచే మెషిన్నీ, గోడల రేకులనూ లారీలో వేయించుకుని భిలాయి తెచ్చుకున్నాడు. వాటితో ఏడడుగుల పెట్టె ఒకటి కట్టాడు. మూతలో మొహం కనపడేలా అద్దం ముక్క బిగించాడు. స్టీలు ప్లాంటులో పనిచేసే తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరైనా పోతే, శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో బంధువులు వచ్చేసరికి ఒకటిన్నర రోజు పట్టేది. అంతవరకూ ఐసుదిమ్మలూ రంపపు పొట్టూ వేసి శవాన్ని కాపాడేవారు. మే నెలలో ఐసు నీళ్లై వరండాలోంచి వీధిలోకి పారేది. అది చూడలేకే ఆయన ఆ పెట్టె కట్టాడు. అందరూ దాన్ని నరసింగరావు పడవ అనేవారు. అందులో ఇదివరకు చేపలుండేవన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

తొంభై నాలుగు మే నెలలో, ఒక ఆదివారం తెల్లవారుజామున ప్లాంటు క్వార్టర్లలో ఉండే ఉదయ్‌కుమార్ తండ్రి త్రినాథరావు నిద్రలోనే పోయాడు. ఆయన రోలింగ్ మిల్లులో రిటైరైన మనిషి. ఉదయ్‌కుమార్ కూడా ప్లాంటులోనే, గ్యాసు పైపుల మీదుండే గేజిలు సరిచూసే సెక్షన్‌లో పనిచేస్తాడు. తల్లి పోలమ్మ ఏడవలేదు. మంచం పక్కన గోడకి ఆనుకుని కూచుండిపోయింది. ఊరి పక్కనే జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే చిన్నాన్న సత్యారావు ఎనిమిదింటికల్లా వచ్చి పెత్తనం చేతిలోకి తీసుకున్నాడు. విజయనగరం నుంచి మేనత్త జోగమ్మ సోమవారం పొద్దుటికి వస్తుంది, ఆమె రాగానే ఎత్తేద్దాం అన్నాడు.

తొమ్మిదింటికి పడవ ఠేలాబండి మీద వచ్చింది. నలుగురు పట్టి వరండాలో దించారు. నరసింగరావు తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎవరికోసం ఆగుతున్నారని ఉదయ్‌ని అడిగాడు. మేనత్త కోసం అన్నాడు ఉదయ్. ఆయన తల ఊపి వెళ్లి రెండు గేజిలు బిగించాడు, మెషిన్‌లోకి వచ్చే గ్యాసు ఒత్తిడికి నీలం రంగుది ఒకటి, మెషిన్ బయటికి తోసే గ్యాసు ఒత్తిడికి ఎర్రరంగుది ఒకటి. మళ్లీ వచ్చి ఎవరికోసం అన్నాడు. మేనత్త కోసమే మావయ్యా అన్నాడు ఉదయ్. త్రినాథరావుని పెట్టెలో పడుకోబెట్టి, మూత వేసి, మెషిన్ నడిపించి, చేతులు కడుక్కుని వచ్చి మూడోసారి అడిగాడు.

"ఎవరెవరొస్తన్నారు బావూ?"

ఉదయ్ అటూ ఇటూ చూశాడు. "చెల్లి కూడా వస్తాది మావయ్యా. ఖరగ్‌పూర్ నుంచి. నేనే ఫోన్ చేసేను. ఇంట్లో ఎవరికీ తెలీదు."

నరసింగరావు అచ్ఛా అన్నాడు, అంతే. ఉదయ్‌కి మాత్రం గుండెలమీద బరువు కాస్త తగ్గినట్టయింది. ఆరేళ్ల కిందట చెల్లెలు ఛాయ, రైల్వేలో పనిచేసే మనోజ్‌కుమార్‌ని పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. అతనిదీ ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబమే. కానీ వాళ్లు క్రైస్తవులు. ఆ రోజునుంచి త్రినాథరావు ఇంట్లో ఆ పేరు వినపడకూడదన్నాడు. వినపడలేదు. ఉదయ్ అన్న అయ్యుండి ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది.

మధ్యాహ్నానికి ఎండ నలభై ఐదు దాటింది. వరండా పెనంలా ఉంది. పన్నెండున్నరకి నీలం గేజి ముల్లు ఇరవై దగ్గర నుంచి దిగడం మొదలుపెట్టింది. పది, ఐదు, సున్నా. సున్నా కూడా దాటి కిందికి పోయింది. గేజిల పని తనది కాబట్టి ఉదయ్, గ్యాసు లీకయిపోయింది మావయ్యా, గ్యాసు నింపాలి అన్నాడు.

నరసింగరావు గేజిని మూడుసార్లు తట్టాడు. ముల్లు కదలలేదు. ఆ గేజి విప్పేసి సంచిలోంచి ఇంకోటి తీసి బిగించాడు. అదీ అంతే చూపించింది. అప్పటికి నమ్మి, గ్యాసు తగ్గితే ముల్లు మెల్లిగా దిగుతుందనీ, ఇది మెట్లమీంచి జారినట్టు దిగింది కాబట్టి దారిలో ఏదో అడ్డం పడిందనీ చెప్పాడు. మట్టి అయినా అయ్యుండాలి, మంచుగడ్డ అయినా అయ్యుండాలి. వేడినీళ్లు కావాలన్నాడు. చావింట్లో పొయ్యి వెలిగించరు. పక్క క్వార్టర్ పైడమ్మ చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆయన గుడ్డ ముంచి, సన్న పైపు మొదట్లో ఉన్న ఇత్తడి వాల్వుకి చుట్టి, గొంతుక్కూచున్నాడు.

చుట్టూ పాతికమంది. పెట్టెలో మనిషి, పెట్టె బయట ఎండ, మధ్యలో ఒక తడిగుడ్డ. నాలుగు నిమిషాలకి ముల్లు ఒక్క ఉదుటున లేచి ఇరవై మీద నిలబడింది. మట్టి అయితే వేడికి కరగదు, ఇది మంచే అన్నాడు నరసింగరావు. మెషిన్ లోపల ఎక్కడో ఒక్క చుక్క నీళ్లున్నాయి, అవి తిరిగి తిరిగి వచ్చి ఆ సన్నదారిలో గడ్డకడుతున్నాయి. సముద్రం చుక్కే అయ్యుంటాది, భిలాయి దాకా వచ్చీసింది నా కోసం అని గొణుక్కున్నాడు.

నీలం ముల్లు కుదురుకుందనుకుంటే మెషిన్ వేడెక్కి ఎర్రముల్లు రెండు వందలు దాటింది. బోటు మీద ఈ మెషిన్ని చల్లబరచడానికి సముద్రమంతా ఉండేది. ఇక్కడ ఒక ఇనప డ్రమ్మే ఉంది, అందులో నీళ్లు కాఫీలా కాగిపోయాయి. నరసింగరావు వీధినంతా వరసగా నిలబెట్టాడు. కుళాయి నుంచి డ్రమ్ము దాకా బకెట్లు చేతులు మారాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు ఏడుపు ఆపి నీళ్లు మోశారు. ఇంకోపక్క ఎవరో ఒకామె వచ్చినప్పుడల్లా మూతెత్తి మొహం చూడబోయేది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, అద్దంలోంచి చూసి ఏడవండమ్మా, మూత తీస్తే మళ్లీ మొదటికొస్తాది అని బతిమాలేవాడు. అయినా పదకొండుసార్లు తీశారు. ఆయన లెక్కపెట్టాడు.

రాత్రంతా రెండు గంటలకోసారి వేడిగుడ్డ కడుతూనే ఉన్నాడు. తెల్లారేసరికి కళ్లు ఎర్రబడ్డాయి. మెషిన్ మాత్రం ఆగలేదు.

సోమవారం ఎనిమిదింటికి జోగమ్మ దిగింది. తమ్ముడి మొహం అద్దంలోంచి చూసి పెట్టెమీద వాలి ఏడ్చింది. కాసేపటికి తలెత్తి, ఏటో నీసువాసన వస్తందిరా అంది. నరసింగరావు వినపడనట్టు ఎర్ర గేజిని తట్టాడు.

ఛాయ ఎక్కిన రైలు తొమ్మిదింటికి రావాలి. రాలేదు. నరసింగరావు ఒకరి తర్వాత ఒకరిని ముగ్గురిని ఫోన్ బూత్‌కి పంపి స్టేషన్‌కి ఫోన్ చేయించాడు. ఒకరు గంట లేటన్నారు, ఒకరు మూడు గంటలన్నారు. మూడోవాడు తెచ్చిన కబురు, రైలు ఇంకా మూడు గంటల దూరంలో ఉన్న బిలాస్‌పూర్ కూడా చేరలేదని. అంటే రెండు దాటుతుంది. సత్యారావు అప్పటికే వెదుళ్లు తెప్పించి పాడె కట్టిస్తున్నాడు. పదింటికి ఎత్తాలన్నాడు.

ఇక దాచి లాభం లేదని ఉదయ్ చిన్నాన్న దగ్గరికి వెళ్లి, ఛాయ వస్తోందని చెప్పాడు. ఇంకో నాలుగ్గంటలు ఆగుదామన్నాడు. సత్యారావు పురికొస కింద పడేశాడు.

"మీ నాన్న బతికినన్నాళ్లూ ఆ పేరు ఎత్తనివ్వలేదు. పోయేక నువ్వు ఎత్తుతావా? ఆ పిల్ల ఈ గడప తొక్కితే నాను పాడె పట్టను. మా జాముల్ వోళ్లెవరూ పట్టరు."

వరండా అంతా విన్నది. గోడ దగ్గర పోలమ్మ కూడా విన్నది. ఉదయ్ నోరు తెరిచాడు. ఆరేళ్ల కిందట కూడా ఇలాగే నోరు తెరిచి ఊరుకున్నాడు.

పదవుతుంటే సత్యారావు మెషిన్ ఆపమన్నాడు. నరసింగరావు ఆపాడు. నలుగురు వచ్చి మూత మీద చేతులు వేశారు. చెయ్యి తీయండి అన్నాడాయన.

ఇది ఇంటి ఫ్రిజ్ కాదు, బోటుది అన్నాడు. మెషిన్ ఆపాక నీలం ముల్లూ ఎర్రముల్లూ ఒకచోటికి రావాలి. అలా కలవకుండా మూత ఎత్తితే లోపల పైపు పగిలి గ్యాసు మనిషి మొహం మీదికే తంతుంది. నలుగురూ గబుక్కున చేతులు తీసేశారు. నిన్న ఆడవాళ్లు పదకొండుసార్లు తీశారు కదా అని సత్యారావు నిలదీశాడు. నిన్న మెషిన్ నడుస్తోంది, నడిచేటప్పుడు భయం లేదు, ఆపాకే భయం అన్నాడు నరసింగరావు, కళ్లార్పకుండా. లోపల చల్లదనం సాయంత్రం దాకా కదలదనీ, దానికి తనది పూచీ అనీ కూడా చెప్పాడు.

ఉదయ్ గేజిల వైపు చూశాడు. నీలం ఇరవై, ఎరుపు నూట నలభై. పావుగంటయినా రెండూ వెంట్రుకవాసి కదలలేదు. తొమ్మిదేళ్లుగా అదే పని చేస్తున్నవాడికి అది వింతగా తోచింది. వంగి చూశాడు. గేజిలకి దారి ఇచ్చే చిన్న వాల్వులు రెండూ బిగించేసి ఉన్నాయి. దారి మూసేస్తే ముల్లు ఎక్కడిదక్కడే ఆగిపోతుంది, లోపల ఏమైపోయినా దానికి తెలియదు. ఈ మాట తన సెక్షన్‌లో కొత్తగా చేరినవాడికి కూడా తెలుసు.

ముందు కోపం వచ్చింది. తండ్రి శవం దగ్గర ఈ మనిషి ఆటలాడుతున్నాడనుకున్నాడు. తలెత్తితే నరసింగరావు గేజిలవైపు చూడటమే లేదు. గోడ గడియారం వైపు చూస్తున్నాడు. మూడుసార్లు అడగందే టైమెంతో నమ్మని మనిషి. ఇదంతా రైలు కోసమని అప్పుడు అర్థమైంది ఉదయ్‌కి.

వెనక నుంచి సత్యారావు గొంతు వినిపించింది. "ఒరే, గేజిలు చూడ్డం నీ నౌకరీయే కదా. నువ్వు చెప్పు. ఈయన చెప్పేది నిజమేనా?"

అందరూ ఉదయ్‌నే చూస్తున్నారు. నరసింగరావు ఒక్కడే చూడలేదు, తువ్వాలు మడతపెట్టుకుంటున్నాడు. ఉదయ్ మోకాళ్ల మీద కూచున్నాడు. ఎర్ర గేజి అద్దాన్ని వేలితో తట్టాడు. మళ్లీ తట్టాడు. మూడోసారి కూడా తట్టాడు. నౌకరీలో చేరాక ఒక్క రీడింగు కూడా తప్పు చెప్పలేదతను.

"ఇంకా కలవలేదు చిన్నాన్నా," అన్నాడు. "టైం పడతాది."

పోలమ్మ లేచి వచ్చింది. రెండు రోజులుగా మాట లేని మనిషి, పెట్టెని ఆనుకుని నేలమీద కూచుంది. అవి కలిసేదాకా నేనిక్కడినుంచి లెగను అని మాత్రం అంది. ఆమెకి గేజి అంటే ఏమిటో తెలియదు. కొడుకు గొంతు ఎప్పుడెలా ఉంటుందో తెలుసు.

తర్వాతి నాలుగ్గంటలూ నరసింగరావు తన పనితనమంతా చూపించాడు. జనం గొణగడం మొదలుపెట్టినప్పుడల్లా స్పానర్ తీసి ఎర్ర గేజి గొట్టం నట్టు వెంట్రుకంత వదులు చేసేవాడు. బుస్సుమని శబ్దం వచ్చేది. ముందు వరసవాళ్లు వెనక్కి జరిగేవారు. ముల్లు పది గీతలు దిగేది. అదిగో, దిగుతోంది అనేవాడు. పన్నెండయ్యేసరికి ఎరుపు నూటికి వచ్చింది. జోగమ్మ కూడా చీపురుపుల్ల పట్టుకుని గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

సత్యారావు రెండుసార్లు గేటు బయటికి వెళ్లి బీడీ కాల్చుకొచ్చాడు. మూడోసారి లోపలికొచ్చి గేజిల మీదికి వంగి చాలాసేపు చూశాడు. ఆయన నిటారుగా లేచి, వెనక్కి చేతులు కట్టుకుని, పెట్టె ముందర కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఎండ కూడా కాస్త తగ్గనీ అన్నాడు. అక్కడినుంచి మళ్లీ కదలలేదు.

రెండుంబావుకి ఆటో ఆగింది. ముందు మనోజ్‌కుమార్ దిగాడు, నాలుగేళ్ల కూతురు అమ్ముని దించాడు. ఆఖరున ఛాయ దిగింది. గేటు దాకా వచ్చి ఆగిపోయింది. అన్నని చూసింది, అమ్మని చూసింది, చిన్నాన్నని చూసి తల దించుకుంది. ఎవరూ రమ్మనలేదు. అందరి కళ్లూ సత్యారావు మీదే ఉన్నాయి.

సత్యారావు నరసింగరావు వైపు తిరిగాడు. "ముళ్లు కలిసేయా?"

నరసింగరావు వంగి చిన్న వాల్వులు రెండూ తిప్పాడు. ఎర్రముల్లు గిర్రున దిగింది, నీలం ముల్లు లేచింది. రెండూ నలభై దగ్గర ఆగాయి. ఇప్పుడు కలిసేయి అన్నాడు.

పోలమ్మ మెట్లు దిగి వెళ్లి కూతురి చెయ్యి పట్టుకుంది. జాముల్ నుంచి వచ్చినవాళ్లలో ఒకాయన, గడప తొక్కితే పాడె పట్టనన్నావు కదా అని సత్యారావుకి గుర్తుచేశాడు.

"గడప లోపలుంది," అన్నాడు సత్యారావు. "ఇది వరండా."

మూత ఎత్తారు. ఛాయ తండ్రి పాదాలు రెండు చేతులతో పట్టుకుని నుదురు ఆనించింది. ఆరేళ్లలో చెప్పాలనుకున్నదేదీ చెప్పలేదు. పాదాలు వేడెక్కుతాయేమోనన్నట్టు అలాగే పట్టుకుని ఉండిపోయింది. త్రినాథరావు మొహం నిద్రపోతున్నట్టే ఉంది, అంత ఎండలోనూ చెక్కుచెదరలేదు. నరసింగరావు గోడవైపు తిరిగి గొట్టాలు చుట్టుకుంటూ కూచున్నాడు. అవి చుట్టడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

పాడె ముందువైపు ఉదయ్ పట్టాడు, ఆ పక్కన సత్యారావు. వెనకవైపు భుజం మార్చుకోవలసి వచ్చినప్పుడు మనోజ్‌కుమార్ వచ్చి నిలబడితే ఎవరూ ఏమీ అనలేదు.

శ్మశానంలో చితి అంటుకున్నాక అందరూ దూరంగా జరిగారు. ఉదయ్ పక్కన సత్యారావు నిలబడ్డాడు. పొగ కళ్లల్లో పడుతోంది. ఆయన, మంటల మీంచి చూపు తిప్పకుండా, చిన్నగా మాట్లాడాడు.

"ముప్పై ఏళ్లు జాముల్‌లో కంప్రెసర్ల మధ్యే బతికేన్రా నాను. వాల్వు మూసుంటే ముల్లు కదలదని నాకు తెలీదేటి?"

ఉదయ్ గతుక్కుమన్నాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"పదిమందిలో నోరు జారేను. ఆ మాట వెనక్కి తీసుకోడానికి నాకూ టైం కావాల కదా. నరసింగరావు నీ ఒక్కడికేనేటి టైమిచ్చింది?" ఆయన గొంతు సవరించుకున్నాడు. "పని తెలిసినోడే గానీ అబద్ధమాడ్డం రాదు. ఎర్రముల్లు దిగుతుంటే నీలం ముల్లు ఎక్కాల కదరా. ఇతను ఎర్రదాన్నే దించుకుంటా కూచున్నాడు. నీలం ముల్లు నాలుగ్గంటలూ ఇరవై మీదే ఉండిపోనాది. నాకే సిగ్గేసింది. ఎవరూ చూడకుండా కాళ్లు ఎడంగా పెట్టి అడ్డంగా నిలబడ్డాను. మోకాళ్లు పట్టేసేయి."

ఉదయ్‌కి కడుపులోంచి ఏదో తన్నుకొచ్చింది. ఏడుపేమో అనుకున్నాడు. కాదు. దూరంగా చెట్టుకింద నరసింగరావు తన తప్పేమీ తెలియకుండా పెద్దమనిషిలా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉదయ్ గబుక్కున తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదిరిపోతున్నాయి. అయ్యో పాపం అంటూ ఇద్దరు ముగ్గురు దగ్గరికొచ్చి వీపు నిమిరారు.

"ఏడవనీండి," అన్నాడు సత్యారావు అందరికీ వినపడేలా. తన తువ్వాలు కూడా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "రెండు రోజుల్నుంచి బిగబట్టుకున్నాడు. ఏడవనీండి."